పడవకు రంగు వేసే ముందు అడుగు చూసుకోండి

గోదావరిలో నీళ్ళు తగ్గితే పడవకు విశ్రాంతి అనుకుంటారు. నిజానికి పడవకు పని పడేది అప్పుడే. ఒడ్డుకు లాగి, బోర్లించి, అడుగుకు మరమ్మతు చేసి రంగు వేయడానికి ఎండాకాలమే అదను. మృగశిర కార్తె వచ్చేనాటికి పడవ మళ్ళీ నీటికి సిద్ధం కావాలి.

కాళేశ్వరం దగ్గర వంతెన రాకముందు అవతలి ఒడ్డున ఉన్న సిరొంచకు జనం పడవల మీదే దాటేవారు. ఇప్పుడు ఆ రద్దీ లేదు. కాని చేపల వేటకు, వరదల వేళ ప్రాణరక్షణకు పడవ అవసరం తీరిపోలేదు. 2023 జూలైలో మోరంచ వాగు మోరంచపల్లిని ముంచెత్తినప్పుడు జనం మేడలెక్కి సాయం కోసం ఎదురుచూశారు. పడవలతో పాటు హెలికాప్టర్లు కూడా రావలసి వచ్చింది. అటువంటి రోజున అడుగు చిల్లిపడ్డ పడవ ఉన్నా లేనట్టే.

ముందు పరీక్ష

పడవను ఒడ్డున దుంగలపై సమంగా నిలిపి లోపల రెండు మూడు బిందెల నీళ్ళు పోయండి. ఎక్కడ చెమ్మ ఊరుతుందో అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టండి. తరువాత నీళ్ళు తోడేసి పడవను బోర్లించండి. నాచు, పాచి తడిగా ఉండగానే గీకేయాలి. ఎండితే రాయిలా పట్టుకుంటుంది. ఆపైన మంచినీళ్ళతో కడగండి.

చెక్కను సన్నని మేకుతో అక్కడక్కడ పొడిచి చూడండి. మేకు సులువుగా దిగబడితే లోపల పుచ్చిందని అర్థం. పుచ్చుపై ఎంత రంగు పూసినా దండుగే. వడ్రంగిని పిలిచి ఆ ముక్క మార్పించాలి. పలకల సందుల్లో పాత కూర్పు ఊడితే పూర్తిగా తీసి, కొత్తగా దూది నార బిగించి, పైన లప్పం పట్టించాలి.

ఆరితేనే రంగు నిలిచేది

తడి చెక్కపై వేసిన రంగు కొద్దిరోజులకే బొబ్బలెత్తి ఊడిపోతుంది. అందుకని పడవను గాలి తగిలే నీడలో బాగా ఆరనివ్వాలి. రోళ్ళు పగిలే ఎండలో పెడితే పలకలు బీటలు వారతాయి. రంగు కూడా ఉదయం పూట, ఎండ ముదరక ముందే వేయాలి.

గట్టిగా అంటుకున్న పాత రంగును మొత్తం చెక్కేయనక్కరలేదు. లేచిన పెచ్చులు గీకి, అంచులను గరుకు కాగితంతో నునుపు చేస్తే చాలు. పాత పూత తారు అయితే దానిపై నూనె రంగు నిలవదు, తారు మరక పైకి తేలుతుంది. అలాంటి పడవకు మళ్ళీ తారే పూయడం మేలు.

ఇనుప పడవకు తుప్పును తీగ బ్రష్షుతో లోహం మెరిసేదాకా రుద్ది, అదేరోజు రెడాక్సైడ్ పూయాలి. ఫైబర్ పడవను సబ్బునీళ్ళతో కడిగి సన్నని గరుకు కాగితంతో రుద్దాలి. దీనికి తీగ బ్రష్షు గాని, మంట గాని తగలనివ్వరాదు.

జాగ్రత్తలు

పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు మించరాదన్న నిబంధన అమలులోకి వచ్చింది 2017 నవంబరులోనే. కనుక పాత పొరను మంటతో కాల్చకండి. తడిపి గీకండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి, పిల్లలను దరి చేరనివ్వకండి. కింద పట్టా పరచి పెచ్చులన్నీ ఎత్తేయండి. అవి నీళ్ళలో పడకూడదు.

సముద్రపు పడవల అడుగుకు జలచరాలు అంటుకోకుండా విషపు రంగు వేస్తారు. మన నదిలో, బయ్యారం చెరువు వంటి చెరువుల్లో దాని అవసరం లేదు. అక్కడ పట్టేది నాచు మాత్రమే. చేపలు పెరిగే, పశువులు తాగే నీళ్ళలో విషం కలపడం ఎందుకు?

ప్రైమరు ఒక పూత, రంగు రెండు పూతలు చాలు. ఒకటి పూర్తిగా ఆరాకే మరొకటి. చివరికి పడవను లోతులేని నీటిలో ఒకరోజు కట్టి ఉంచండి. ఎండిన పలకలు నీరు పీల్చి ఉబ్బి సందులు బిగుస్తాయి. మరునాటికీ నీరు ఊరుతుంటే మనుషులను ఎక్కించకండి, మళ్ళీ ఒడ్డుకే లాగండి. పైరంగు చూడటానికి ఇంపుగా ఉండవచ్చు గాని, పడవ ఎక్కినవాళ్ళను ఒడ్డు చేర్చేది అడుగే.