కరోనా తొలినాళ్ల కోనసీమ: వ్యాధి ఒకటే, భయాలు వేరు

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా, అంటే దేశాల ఎల్లలు దాటి వ్యాపిస్తున్న అంటువ్యాధిగా ప్రకటించగా, మరునాడే నెల్లూరులో, ఇటలీ నుంచి వచ్చిన యువకుడిలో ఆంధ్రప్రదేశ్ తొలి కేసు బయటపడింది. అప్పట్లో తూర్పు గోదావరి జిల్లాలో భాగమైన కోనసీమకు ఇది దూరపు కబురు కాదు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల నుంచి ఎందరో, ముఖ్యంగా మహిళలు, గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లి వస్తుంటారు.

విదేశాల నుంచి వచ్చినవారి వివరాలను గ్రామ వాలంటీర్లు ఇంటింటా సేకరించి, 14 రోజులు క్వారంటైన్‌లో, అంటే లక్షణాలు లేకున్నా విడిగా ఉండాలని చెప్పినప్పుడు, పొరుగువారికి అది రక్షణగానూ, ఏళ్ల తరవాత ఇల్లు చేరిన మనిషికి వెలివేతగానూ తోచడం సహజం. ముప్పును ఎవరి స్థితిని బట్టి వారు అంచనా వేసుకోవడాన్నే సామాజిక శాస్త్రవేత్తలు 'అపాయ గ్రహణం' అంటారు.

పైనుంచి వచ్చిన మాటలూ ఒక్కటిగా లేవు. మార్చి 15న రాష్ట్ర ఎన్నికల సంఘం స్థానిక ఎన్నికలను వాయిదా వేస్తే ముఖ్యమంత్రి బహిరంగంగా తప్పుపట్టారు. ఆరోగ్యవంతులకు మాస్కు అక్కర్లేదని అధికారులు మొదట చెప్పి, ఏప్రిల్ మొదటివారంలో ఇంట్లో కుట్టినదైనా కట్టుకోమన్నారు. అలాంటప్పుడు మాస్కు కట్టనివారిని అజ్ఞానులనడం అన్యాయం. మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలయ్యాక, నెల జీతం అందుకునే ఉద్యోగికి జాగ్రత్త అంటే ఇంటిపట్టున ఉండటమైతే, కొబ్బరి దింపు, వలుపు కూలీలకు అది ఆనాటి కూలిని వదులుకోవడమే.