పిప్పిగోళ్ళు: గోరే కదా అని ఉపేక్షింపవద్దు

2011 ఆషాఢమాసంలో మా అమ్మగారు ఏటా చేసినట్లే గోరింటాకు రుబ్బించి చేతులకూ కాళ్ళకూ పెట్టించుకున్నారు. అప్పటికి ఏడాదిగా ఆమె కుడికాలి బొటనవేలి గోరు పచ్చబారి మందమై ఉన్నది. గోరింటాకు ఎరుపులో ఆ రంగు మరుగుపడింది. "గోరే కదా నాయనా, పోతే మళ్ళీ వస్తుంది" అనేవారు. వైద్యవృత్తిలో ఉన్న నేనూ వేపనూనె సీసా ఒకటి ఇచ్చి ఊరుకున్నాను. ఆమెకు రక్తంలో చక్కెర పరీక్ష చేయించాలని నాకు తోచలేదు.

శ్రావణంలో ఆ గోటిని బ్లేడుతో చెక్కుకోబోతే చర్మం తెగింది. స్పర్శ తగ్గిన పాదం గనుక ఆమెకు నొప్పి తెలియలేదు. నాలుగు రోజుల్లో పాదం వాచి, జ్వరం వచ్చి, ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. మధుమేహం ఉన్నదని అప్పుడే బయటపడింది. పన్నెండు రోజుల చికిత్స తరువాత వేలు దక్కింది. గోటితో పోయేదానిని గొడ్డలిదాకా తెచ్చినవాణ్ణి నేనే. మరొక ఇంట అలా జరుగరాదని ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

వ్యాధి స్వరూపం

సుశ్రుతుడు క్షుద్రరోగాలను వివరిస్తూ, దెబ్బ తగిలి చెడిన గోరు గరుకై, నల్లబడి, బిరుసెక్కడాన్ని 'కునఖం' అన్నాడు. మన ఇళ్ళలో దీనినే పిప్పిగోరు అంటాము. నేడు మనం చూసే పిప్పిగోళ్ళలో చాలావాటికి కారణం శిలీంధ్రాలు, అనగా ఫంగస్. గోటిలోని కెరాటిన్ అనే పదార్థమే వీటికి ఆహారం. కాలిగోళ్ళలో ఎక్కువగా కనిపించేది ట్రైకోఫైటాన్ రూబ్రమ్ అనే జాతి. రోజంతా నీళ్ళలో చేతులు నానే గృహిణుల చేతిగోళ్ళలో క్యాండిడా జాతి కూడా చేరుతుంది.

గుర్తించడమెలా?

సాధారణంగా బొటనవేలి గోటి అంచున గానీ, పక్కన గానీ తెల్లని లేదా పసుపుపచ్చని మచ్చతో వ్యాధి మొదలవుతుంది. మచ్చ క్రమంగా గోటి మొదలువైపు పాకుతుంది. గోరు మందమై, పెళుసై, అడుగున పిండివంటి పొడి చేరుతుంది. కొందరికి గోరు వేలినుండి విడివడుతుంది. తొలిదశలో నొప్పి ఉండదు. అందుకే ఉపేక్షిస్తాము.

రంగు మారిన ప్రతి గోరూ ఫంగస్ కాదు. గోటిపై సూదితో గుచ్చినట్లు చిన్నచిన్న గుంటలుంటే సోరియాసిస్ కావచ్చు. గోటి చుట్టూ ఎర్రగా వాచి, సలుపుతో చీము పడితే అది గోరుచుట్టు. దాని చికిత్స వేరు. గోటిపై నిలువుగా నల్లని చార కొత్తగా వచ్చినా, ఉన్నది వెడల్పవుతున్నా వెంటనే చర్మవైద్యునికి చూపాలి. అరుదుగానైనా అది క్యాన్సర్ కావచ్చు.

నివారణ

ఫంగస్ కు తేమ కావాలి. కనుక స్నానానంతరం కాలివేళ్ళ సందులను పొడిబట్టతో తుడుచుకోవడం మొదటి నియమం. సందులు నాని, తెల్లబడి, ఒరిసిపోతే ముందు దానికి చికిత్స చేయాలి. ఫంగస్ తరచు అక్కడినుండే గోటికి చేరుతుంది. నూలు మేజోళ్ళు రోజూ మార్చాలి. తడిసిన బూట్లను ఎండనిచ్చి తొడగాలి. గోళ్ళను తిన్నగా కత్తిరించాలి. ఇంటిల్లిపాదికీ ఒకే గోళ్ళకత్తెర పనికిరాదు. గిన్నెలు తోమేటప్పుడు రబ్బరు తొడుగులు వాడి, తరువాత చేతులు పొడిగా తుడుచుకోవాలి. గోరింటాకు పెట్టుకునే ముందు ప్రతి గోటినీ వెలుతురులో పరిశీలించాలి.

గృహచికిత్స

త్రిఫలా క్షాళనం: ఒక చెంచా త్రిఫలా చూర్ణాన్ని రెండు గ్లాసుల నీటిలో వేసి, ఒక గ్లాసు మిగిలేవరకు కాచి వడకట్టాలి. ఇనుప పాత్ర వాడితే కషాయం నల్లబడుతుంది. స్టీలు గిన్నె మేలు. గోరువెచ్చగా ఉన్నప్పుడు ఆ కషాయంతో వేళ్ళను కడిగి, పూర్తిగా తడి ఆరనివ్వాలి.

వేపనూనె: రాత్రి పడుకునే ముందు రెండు చుక్కల వేపనూనెలో చిటికెడు పసుపు కలిపి గోటి అంచులకూ, చుట్టూ ఉన్న చర్మానికీ పట్టించాలి. మంట, దురద పుడితే మానివేయాలి.

వీటివలన చర్మం శుభ్రపడుతుంది. అయితే మందమెక్కిన గోటి అడుగుకు ఏ నూనె అయినా చేరడం కష్టం. వ్యాధి ముదిరిన గోటిని ఇవి మాత్రమే నయం చేస్తాయని నేను చెప్పను. పచ్చి వెల్లుల్లి ముద్దను కట్టు కట్టడం, నల్లజీడి రసం పూయడం వంటివి చేయవద్దు. రెండూ చర్మాన్ని కాల్చి పుండు చేస్తాయి.

వైద్యుని వద్దకు ఎప్పుడు?

గోరు సగానికి పైగా చెడినా, రెండు మూడు గోళ్ళకు పాకినా, నొప్పి పుట్టినా ఆలస్యం చేయరాదు. గోటి ముక్కను పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ఉంచి సూక్ష్మదర్శినితో పరీక్షిస్తారు. ఫంగస్ అని తేలితే గోటిపై పూసే అమోరోల్ఫిన్ వంటి లేపనాలు, అవసరాన్నిబట్టి టెర్బినాఫిన్ మాత్రలు ఇస్తారు. పెద్దలకు ఈ మాత్ర సాధారణంగా చేతిగోళ్ళకు 6 వారాలు, కాలిగోళ్ళకు 12 వారాలు వాడతారు. కాలేయ వ్యాధి ఉన్నవారికి ఇది తగదు. కనుక రక్తపరీక్ష లేకుండా దుకాణంలో అడిగి కొనవద్దు.

మాత్రలు ముగిసిన మరునాడే గోరు బాగుపడదు. చెడిన భాగం ముందుకు జరిగి కొత్తగోరు రావాలి. చేతిగోటికి సుమారు 6 నెలలు, కాలి బొటనవేలి గోటికి 12 నుండి 18 నెలలు పడుతుంది. చాలామంది నాలుగో నెలలో విసిగి మానివేసి, మందు పనిచేయలేదంటారు.

మధుమేహులకు ప్రత్యేక సూచన

మధుమేహం ఉన్నవారు పాదాలను రోజూ పరీక్షించుకోవాలి. వంగలేనివారికి ఇంట్లోవారు చూడాలి. స్పర్శ తగ్గిన పాదానికి వేడి తెలియదు. కనుక కషాయం వేడిని మరొకరు మోచేతితో చూసిన తరువాతనే పాదం కడగాలి. అటువంటి పాదాన్ని అసలు నానబెట్టవద్దు. గోటిని బ్లేడుతో ఎన్నడూ చెక్కవద్దు. ఎరుపు, వాపు, చీము కనిపించిన రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఆ తరువాత మా అమ్మగారికి కొత్తగోరు పూర్తిగా రావడానికి ఏడాదిన్నర పట్టింది. ప్రతి ఆదివారం ఆమె గోళ్ళు నేనే కత్తిరించేవాణ్ణి. నేటికీ పిప్పిగోరుతో ఎవరు వచ్చినా, నూనె సీసా ఇచ్చేముందు చక్కెర పరీక్షకు పంపుతున్నాను. మీ ఇంట పెద్దవారుంటే ఈ సాయంత్రమే వారి పాదాలు ఒకసారి చూడండి.