బయోస్ మార్చాం, బెంబేలెత్తాం!

బరంపురంలోని మా ఇంట్లో కంప్యూటరంటే ఒట్టి లెక్కల పెట్టె కాదు. మా అమ్మ పాడిన మంగళహారతులు, పెళ్లిపాటలు పాత క్యాసెట్ల నుంచి ఎక్కించి అందులోనే దాచుకున్నాం. అమ్మ ఇప్పుడు లేదు. క్యాసెట్లు బూజు పట్టిపోయాయి. ఆ పాటలకు ఇంకోచోట నకలు తీసి పెట్టాలనుకుంటూనే రోజులు గడిపేశాను.

ఒకనాడు మదర్‌బోర్డుకు కొత్త బయోస్ వచ్చిందని మా అబ్బాయి ఎక్కించాడు. బయోస్ అంటే ఏమిటని అడిగే అమ్మమ్మలకు, తాతయ్యలకు ఒక మాట. మీట నొక్కగానే విండోస్ కన్నా ముందు నిద్రలేచి, మెమొరీని, డిస్కును పలకరించి పని మొదలుపెట్టించే చిన్న ప్రోగ్రాము అది. బోర్డు మీదే ఒక చిప్పులో ఉంటుంది.

ఎక్కించడం బాగానే అయింది. విండోస్ మాత్రం రాలేదు, నీలి తెర వచ్చింది. దుకాణానికి తీసుకెళితే, "డిస్కు పోయినట్టుంది సార్, ఫార్మాట్ చేసేద్దాం" అన్నాడు కుర్రవాడు. నా గుండె జారిపోయింది. పెట్టెను ఇంటికి తెచ్చేసి, బెంగుళూరులో ఉన్న మేనల్లుడికి ఫోను చేశాను.

"మావయ్యా, ఫార్మాట్ మాట ఎత్తకండి. బయోస్ మార్చినప్పుడు పాత సెట్టింగులు చెరిగిపోతుంటాయి. మీ డిస్కు ఇదివరకు ఏ పద్ధతిలో ఉండేదో చూడండి" అన్నాడు.

మా విండోస్ ఎక్కించిననాడు డిస్కు రెయిడ్ పద్ధతిలో ఉందట. బయోస్ మారాక అది ఏహెచ్‌సీఐ అయింది. తిరిగి రెయిడ్‌కు మార్చగానే విండోస్ లేచి కూర్చుంది!

సంబరపడి పాటలు నకలు తీస్తుంటే మధ్యలో తెర బిగుసుకుపోయింది. మళ్లీ ఫోను. ఈసారి దొంగ ఇంట్లోనే దొరికాడు. మెమొరీ వేగం పెంచే ఎక్స్‌ఎంపీని మా అబ్బాయి పాత అలవాటుకొద్దీ 3600కు పెట్టేశాడు. కొత్త బయోస్‌తో ఆ వేగం కుదరలేదు. అది తీసేసి, మామూలు వేగంలో నకలు పూర్తిచేసి, ఒక్కొక్క పాటా చివరిదాకా విన్నాం. తర్వాత మెమ్‌టెస్ట్86తో రాత్రంతా పరీక్ష పెట్టాం. 3600 దగ్గర తప్పులు వచ్చాయి, 3200 దగ్గర ఒక్కటీ రాలేదు. అక్కడే ఆపేశాం. ఆ తర్వాత మళ్లీ బిగుసుకోలేదు.

అయితే బయోస్ జోలికే పోకూడదా? అదీ పొరపాటే. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని ఎక్కువ వోల్టేజి వల్ల దెబ్బతింటున్నాయని 2024లో తేలింది. ఆ ఆగస్టు నుంచి ఇచ్చిన సవరణ బయోస్ ద్వారానే అందింది. అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ను అది బాగుచేయలేదు. కనుక అవసరమైన మార్పును వాయిదా వేయడమూ మంచిది కాదు.

మీ ఇంట్లో చేసేటప్పుడు ఇవి మరవకండి:

1. ముందుగా ఫైళ్లకు నకలు తీయండి. బయోస్ తెరలను సెల్‌ఫోనుతో ఫోటో తీసుకోండి.

2. బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల తాళం కాగితం మీద రాసుకోండి. బయోస్ మారాక అది అడగవచ్చు.

3. మీ బోర్డు మోడల్‌కు తయారీదారు ఇచ్చిన ఫైలే వాడండి. యూపీఎస్ లేకుండా మొదలుపెట్టకండి. మధ్యలో కరెంటు పోతే బోర్డే మూగబోవచ్చు.

4. డీడీఆర్5 మెమొరీ ఉంటే మొదటిసారి తెర కొన్ని నిమిషాలు నల్లగానే ఉండవచ్చు. కంగారుపడి ప్లగ్గు పీకకండి.

5. పాత సెట్టింగుల ప్రొఫైల్ ఎక్కించకండి. డిఫాల్టుతో మొదలుపెట్టి, డిస్కు పద్ధతి సరిచూసి, మిగతావి ఒక్కొక్కటిగా మార్చి పరీక్షించండి.

అమ్మ పాటలు ఇప్పుడు మూడుచోట్ల ఉన్నాయి. ఒక నకలు బెంగుళూరు వెళ్లింది. మొన్న మేనల్లుడి కూతురు అందులోంచి ఒక హారతి పాట నేర్చుకుని ఫోనులో వినిపించింది. రాగం కాస్త తప్పింది. మాటలు మాత్రం అన్నీ అమ్మవే.