రాయలసీమలో వికలాంగుల దంత, పాద సంరక్షణ: అందుబాటు సమస్య

వైద్యం ఉండటం వేరు, అది అందటం వేరు. వికలాంగుల హక్కుల చట్టం, 2016లోని 25వ సెక్షన్ ఆసుపత్రులలోని అన్ని భాగాలకూ అవరోధరహిత ప్రవేశాన్ని, చికిత్సలో ప్రాధాన్యాన్ని నిర్దేశించింది. కర్నూలు, కడప ప్రాంతాలలో ఈ నిబంధనకు దంత, పాద చికిత్సలు గట్టి పరీక్ష.

దంతవైద్యంలో అవరోధం గుమ్మంతో ముగియదు. ర్యాంపు ఎక్కి వచ్చిన వ్యక్తి చక్రాల కుర్చీ నుండి చికిత్సా కుర్చీలోకి మారాలి. అందుకు పక్కన ఖాళీ స్థలం, సహాయకుడు, అదనపు సమయం అవసరం. కడపలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉన్నప్పటికీ, వేరు కాలువ చికిత్స వంటివాటికి పలుమార్లు రావలసి ఉంటుంది. దూరపు పల్లెల వారికి చికిత్సకన్నా ప్రయాణమే భారమవుతుంది.

పాదవైద్యం మనదేశంలో ప్రత్యేక వృత్తిగా స్థిరపడలేదు. కుష్ఠు, మధుమేహం వల్ల స్పర్శ కోల్పోయిన పాదానికి మెట్టచేలలో ముల్లు గుచ్చుకున్నా, ఎండకు కాలిన నేల సోకినా తెలియదు. కావున రోజూ పాదాలను పరిశీలించుకోవటం, మెత్తని ఎం.సి.ఆర్. రబ్బరు చెప్పులు ధరించటం ముఖ్య రక్షణలు. జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమం ఈ చెప్పులను అందిస్తుంది. అయితే దాని పరిధి కుష్ఠు బాధితులకే. అనగా సహాయం పాదపు స్థితిని కాక వ్యాధి పేరును అనుసరిస్తున్నది.

సర్వజన ఆసుపత్రులలో నిర్ణీత దినాన, ముందే కేటాయించిన వేళకు దంత, పాద పరీక్షలను కలిపి నిర్వహిస్తే ఒక ప్రయాణమైనా తగ్గుతుంది. చట్టం చెప్పిన ప్రాధాన్యానికి ఆచరణలో అర్థం అదే.