వేడినీటి గొట్టముల అతుకులు

కొన్నేండ్ల క్రిందటి వరకు హిమాయత్‌నగర్‌లోని మన యిండ్లలో స్నానమునకు నీళ్లు కట్టెలపొయ్యిమీదనో, మరాఠీ సోదరులతోపాటు మనమును ‘బంబు’ అని పిలుచు రాగిపాత్రలోనో కాగుచుండెడివి. బంబునకు ఒక్క నల్లా తప్ప వేఱు అతుకు లేదు. ఇప్పుడు పెక్కిండ్లలో స్నానపుగది గోడకు కరెంటు గీజరు, కొందరి మేడలపై సూర్యరశ్మితో నీరు కాచు యంత్రము వెలసినవి. వాటితోపాటు మరల అతుకులు వచ్చినవి. కారుటయను బెడదయు వచ్చినది.

గత శీతకాలమున మా యింటి గీజరు గొట్టము కారసాగినది. వచ్చిన పనివాడు పానా పట్టి బలముకొలది బిగించెను. కారుట ఆగలేదు సరికదా, గోడలోని ప్లాస్టిక్ సాకెట్టు పగిలినది. గోడ త్రవ్వవలసి వచ్చెను. ఇట్టి వ్యయము మా విద్యార్థుల తల్లిదండ్రులకు కలుగకుండుటకై, పిమ్మట మేము విచారించి తెలిసికొన్నదానిని ఇచ్చట వ్రాయుచున్నాము.

మర ఎంత బిగించినను తనంత తాను నీటిని పూర్తిగా ఆపజాలదు. లోపలి మరకును వెలుపలి మరకును నడుమ సన్నని సందు మిగిలి, చుట్లు తిరుగుచు బయటికి దారి తీయును. ఇనుప గొట్టపు మర కొననుండి వెనుకకు క్రమముగా లావగును. 16 మిల్లీమీటర్ల పొడవునకు వ్యాసము ఒక మిల్లీమీటరు పెరుగును. అందుచేత బిగించుకొలది ఒరసికొనును. అప్పటికిని మిగిలిన సందును నారయో టేపో పూడ్చవలెను. మనము ‘అర అంగుళము’ అను గొట్టపు మర వెలుపలి వ్యాసము దాదాపు 21 మిల్లీమీటర్లు. మా విద్యార్థి యొకడు స్కేలుతో కొలిచి దుకాణదారుని తప్పుపట్టెనట. లెక్క ప్రకారము కుఱ్ఱవాని మాటయే నిజము; అది కేవలము పేరు మాత్రమే.

పూర్వము మేస్త్రీలు జనపనార చుట్టి సఫేదా పూసెడివారు. నార తడిసి ఉబ్బును గనుక సందు చక్కగా మూసికొనును. కాని ఆ సఫేదా సీసముతో చేసినది. సీసము పిల్లల మెదడునకు హాని చేయు విషము. డబ్బాపై సీసము లేదని స్పష్టముగా లేనిచో, త్రాగునీటి గొట్టమునకు గాని వంటకు నీళ్లు పట్టు గొట్టమునకు గాని దానిని పూయనీయరాదు.

ఇప్పటి తెల్లని టెఫ్లాన్ టేపు వేడికి తాళును, నీటిలో కరగదు. ఆ పదార్థము 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అను శాస్త్రజ్ఞునకు, శీతలయంత్రముల వాయువుపై పరిశోధించుచుండగా, అనుకొనకుండ లభించినది. గొట్టపు కొనను మనవైపు త్రిప్పుకొని, మొదటి చుట్టు విడిచి, గడియారపు ముల్లు తిరుగు దిక్కున లాగి పట్టి మూడు నాలుగు చుట్లు చుట్టవలెను. ఎదురు దిక్కున చుట్టినచో బిగించునప్పుడు టేపు ఊడి వచ్చును. బిగించిన పిదప వంకర సరిచేయుటకు వెనుకకు త్రిప్పరాదు. త్రిప్పినచో విప్పి కొత్త టేపు చుట్టవలసినదే. ప్లాస్టిక్ సాకెట్టునకు టేపు ఎక్కువైనను పగులును. చేతితో బిగిసినంత బిగించి, పానాతో ఒకటి ఒకటిన్నర చుట్టు చాలును. మా యింట జరిగిన పొరపాటు ఇదియే.

గీజరునకు తగిలించు మెత్తని గొట్టపు బిళ్లమరకు మాత్రము టేపు పనికిరాదు. అచ్చట నీటిని ఆపునది లోపలి రబ్బరు వాషరు. మర దానిని అదిమిపట్టుటకు మాత్రమే. కారినచో వాషరు మార్చవలెను.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన విషయము. చన్నీళ్లు గీజరులో ప్రవేశించు చోట ఒక చిన్న రక్షణ వాల్వు కలదు. 25 లీటర్ల నీరు 20 డిగ్రీలనుండి 60 డిగ్రీలకు కాగినప్పుడు వ్యాకోచించి దాదాపు 380 మిల్లీలీటర్లు పెరుగును. నీరు వెనుకకు పోవు దారి లేనిచో ఆ పెరిగిన నీరు ఈ వాల్వునుండి బొట్లుబొట్లుగా వచ్చును. అది దోషము కాదు. దానిని కారుచున్న అతుకని భ్రమించి టేపు చుట్టి, బిరడా బిగించి మూసివేసిన వారిని మేమెఱుగుదుము. థర్మోస్టాటు చెడి నీరు మరగినచో ఆవిరికి దారి లేక తొట్టి పగులును. ఆ గదిలో స్నానము చేయువారు తఱచు పిల్లలే. కాగునప్పుడే కాక చల్లారిన పిమ్మటను ఎడతెగక కారినచో, కరెంటు ఆపి, తెలిసిన మేస్త్రీచే వాల్వు మార్పించవలెను. కాగునప్పుడు మాత్రమే వచ్చు బొట్లకు సన్నని గొట్టము తగిలించి బకెట్టులోనికి వదలిన చాలును.