చలి మీద నెపం

అమెరికాలోని మిన్నెసోటా వంటి ఉత్తరాది రాష్ట్రాల్లో తేనెటీగల్ని పెంచేవారికి చలికాలం పెద్ద పరీక్ష. బయట మంచు, పువ్వన్నది కనబడదు. పెట్టెలో ఈగలన్నీ రాణి ఈగ చుట్టూ బంతిలా గుమిగూడి, రెక్కల కండరాలను వణికిస్తూ వేడి పుట్టిస్తాయి. దాచుకున్న తేనే వాటికి ఆహారం. ఆ కాలం గడవడానికి ఒక్కో పెట్టెలో సుమారు 30 నుంచి 40 కిలోల తేనె ఉండాలి.

అయినా వసంతంలో మూత తీసి చూస్తే కొన్ని పెట్టెల్లో గుప్పెడు చచ్చిన ఈగలే మిగిలి ఉంటాయి. తేనె మాత్రం చాలావరకు అలాగే ఉంటుంది! చలికి చచ్చిపోయాయనుకోవడం సహజం. కానీ చాలాసార్లు అసలు హంతకి చలి కాదు, వర్రోవా అనే నల్లి. అమెరికాలో దాన్ని 1987లో తొలిసారి గుర్తించారు.

వేసవిలో పుట్టిన కూలి ఈగ సుమారు 6 వారాలే బతుకుతుంది. వేసవి చివర్లో, ఆ తర్వాత పుట్టే ఈగలు ఒంట్లో కొవ్వు నిల్వతో 6 నెలల దాకా బతికి గుంపును చలికాలం దాటిస్తాయి. సరిగ్గా వాటినే ఈ నల్లి పిల్లదశలో పీల్చి, వైరస్‌లు అంటిస్తుంది. నీరసించిన ఈగలు ఒక్కొక్కటీ రాలిపోతాయి. మిగిలిన చిన్న గుంపు వేడి నిలుపుకోలేదు. తేనె జానెడు దూరంలో ఉన్నా అందుకోలేదు. జనవరి చావుకు ఆగస్టులోనే బీజం పడింది. అప్పుడా పెట్టె ఈగలతో కిటకిటలాడుతోంది!

అందుకే అనుభవజ్ఞులు నిండు వేసవిలోనే దాదాపు 300 ఈగలను పంచదార పొడిలో కుదిపి, రాలిన నల్లులను లెక్కిస్తారు. సకాలంలో మందు వేస్తారు.

కుటుంబం విడిపోయినా, సంఘం చీలినా మనం చివరి దెబ్బనే నిందిస్తాం. అప్పు ముంచిందంటాం, ఫలానావారి మాట విరిచిందంటాం. ఆగిపోయిన కుటుంబ ప్రార్థన, పైకి చెప్పుకోని పగ, పలకరింపు కరువైన వృద్ధుడు ఎవరికీ గుర్తురారు. తనకేమీ కొదువలేదని లవొదికయ సంఘం అతిశయించిన రోజుల్లోనే ప్రభువు దాని లేమిని చూశాడు (ప్రకటన 3). విడిచిపోలేదు, తలుపు దగ్గర నిలిచి తట్టాడు.

అలాగని నష్టపోయిన ప్రతివారిలో తప్పు వెదకడం యోబు స్నేహితుల పని. ఎంత జాగ్రత్తపడినా కొన్ని పెట్టెలు పోతాయి. అలాంటి ఇంటికి మన తీర్పు అక్కర్లేదు, తోడు కావాలి.

మందిరం ఖాళీ అయ్యాక కారణాలు వెదకడం తేలికే. నిండిన ఆదివారమే లెక్క చూసుకుందాం. మనతో పాటు పాడుతూనే లోలోపల నీరసిస్తున్నవారు ఎవరు? ఈ వారమే వారి తలుపు తడదాం.