కలమూ, రాజ్యమూ: సూరత్ చెప్పే పాఠం

1858 నవంబరులో బొంబాయిలో ఇరవైఅయిదేళ్ళ ఉపాధ్యాయుడొకడు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, ఇక కలాన్నే నమ్ముకొని బ్రతకాలని నిశ్చయించుకున్నాడు. ఆయన 1833లో సూరత్‌లో జన్మించిన నర్మదాశంకర్ దవే. గుజరాతీ పాఠకులకు 'నర్మద్'గా చిరపరిచితుడు.

ఆయన కవిత్వం వ్రాశాడు. 1864లో 'దాండియో' అనే పత్రికను ప్రారంభించి మూఢాచారాలను దుయ్యబట్టాడు. వితంతు వివాహాన్ని బోధించడమే కాక, స్వయంగా ఒక వితంతువును పెండ్లాడాడు. పాతికవేలకు పైగా పదాలతో 'నర్మకోశ్' అనే నిఘంటువును 1873లో వెలువరించాడు. ఇందులో సాహిత్యమెంత, రాజకీయమెంత? విడదీసి చెప్పడం దుస్సాధ్యం. 1967లో సూరత్‌లో నెలకొన్న దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయానికి 2004లో ఆయన పేరే పెట్టారు.

సాహిత్యాన్నీ, రాజనీతినీ కలిపి చదువుతానని బిడ్డ అంటే, తల్లిదండ్రులు రెండు పడవల ప్రయాణమని జంకుతారు. ఆ రెంటి సంబంధమేమిటో తెలియడానికి సూరత్‌లోనే మరొక ఉదాహరణ ఉన్నది. 1907 డిసెంబరులో అక్కడ జరిగిన కాంగ్రెస్ మహాసభలో మితవాదులు, అతివాదులు రెండుగా చీలిపోయారు. ఎవరో విసిరిన చెప్పు సురేంద్రనాథ్ బెనర్జీకి, ఫిరోజ్‌షా మెహతాకు తగిలింది. ఆంగ్ల పాత్రికేయుడు హెన్రీ నెవిన్సన్ ఆ దృశ్యాన్ని కళ్ళారా చూచి 1908లో గ్రంథస్థం చేశాడు. ఉభయ పక్షాలూ తమ తమ కథనాలను ప్రకటించాయి.

ఆ కథనాలను చదివే రాజనీతి విద్యార్థి, సభలో బలం ఎవరిది, నియమావళి ఎవరికి అనుకూలం అని అడుగుతాడు. ఎవరు, ఎవరిని ఉద్దేశించి, ఏ మాటను ఎంచుకొని చెబుతున్నారని సాహిత్య విద్యార్థి అడుగుతాడు. ఈ రెండు ప్రశ్నలూ ఒకే మనస్సులో పుట్టినప్పుడే సత్యం చేరువవుతుంది.

తెలుగువారికి ఈ సమన్వయం క్రొత్త కాదు. 'ముసలమ్మ మరణము' కావ్యకర్త, 'కవిత్వతత్త్వ విచారము' వ్రాసిన విమర్శకుడు కట్టమంచి రామలింగారెడ్డి కేంబ్రిడ్జిలో చరిత్ర చదివాడు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపాధ్యక్షుడైనాడు. 1930లో సత్యాగ్రహులపై ప్రభుత్వం సాగించిన దమననీతికి నిరసనగా ఆ పదవిని వదలుకున్నాడు.

అయితే ఈ చదువు అన్నం పెడుతుందా? నర్మద్ జీవితం దీనికి తీయని సమాధానమివ్వదు. కలాన్ని నమ్ముకున్న ఇరవైనాలుగేళ్ళకు, 1882లో, అప్పుల బాధతో ఆయన మళ్ళీ ఉద్యోగంలో చేరవలసి వచ్చింది. ఒకనాటి తన సంస్కరణవాదాన్ని తానే పునఃపరిశీలించుకొని 1885లో 'ధర్మవిచార్' ప్రచురించాడు. మరుసటి సంవత్సరమే కన్నుమూశాడు.

కనుక జీవనోపాధిని గూర్చిన తల్లిదండ్రుల భయం అకారణం కాదు. ఈ మార్గాన్ని ఎంచుకొనే విద్యార్థి ఆ భయాన్ని గౌరవించాలి, తన బ్రతుకుతెరువునూ ముందుగానే ఆలోచించుకోవాలి. కాని వార్తాపత్రికలోని ప్రతి వాక్యం వెనుక ఒక అధికారమూ, ప్రతి అధికారం వెనుక ఒక భాషా ఉంటాయి. వాటిని చదవగలిగిన పౌరుని మాటలతో మోసగించడం అంత సులభం కాదు.